శ్రీనాథుడు మిరపకాయ తిన్నాడా?

పెళ్లిలో, బడి వార్షికోత్సవంలో, గ్రంథాలయ వారోత్సవాల్లో... ఎక్కడ చూసినా క్విజ్‌లే. జవాబు చెప్పినవాళ్లకి చప్పట్లు, బహుమతులు. మరి ఆ ప్రశ్న తయారుచేసినవాళ్లకి? ఏమీ ఉండదు. తప్పు దొర్లితే మాత్రం అందరి వేళ్లూ అటే చూపిస్తాయి. ఒక మంచి ప్రశ్న వెనక ఎంత వెతుకులాట ఉంటుందో, ఒక చెడ్డ ప్రశ్న ఓ పిల్లవాడి మనసుకు ఎంత కష్టం కలిగిస్తుందో... మిర్చి, పత్తి పండే గుంటూరు, ప్రకాశం నేల మీద నిలబడి ఓసారి చూద్దాం.

''కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథ మహాకవి, గుంటూరు మిరపకాయ కారం రుచి చూశాడా, లేదా?''

గత నవంబరులో మా ఊరి గ్రంథాలయంలో ఈ ప్రశ్న చదవగానే పిల్లలంతా గొల్లున నవ్వారు. ''గుంటూరు పక్కనే కదా మేడమ్‌ కొండవీడు... తినకుండా ఎలా ఉంటాడు!'' అని ఒకడు. ''కవులు కారం తినరు, గొంతు పోతుంది'' అని ఇంకొకడు. వెనక బల్ల మీద కూర్చున్న కుర్రాడు మాత్రం నవ్వలేదు. వేళ్ల మీద ఏవో లెక్కలు వేసుకుంటున్నాడు. కాసేపటికి లేచి, ''మిరపకాయ మనది కాదండీ. పోర్చుగీసువాళ్లు తెచ్చారు. వాస్కోడగామా వచ్చిందే 1498లో. శ్రీనాథుడు అంతకుముందే ఉన్నాడు. కాబట్టి తినలేదు'' అన్నాడు.

చప్పట్లు మోగిపోయాయి. వాడికి మిరపకాయ గురించీ తెలుసు, శ్రీనాథుడి కాలమూ తెలుసు. కానీ ఆ రెండింటినీ కలిపి చూడటం మాత్రం అప్పుడే జరిగింది. క్విజ్‌ ప్రశ్న చేయాల్సిన పని అదే. తెలియనిదాన్ని అడిగి ఓడించడం కాదు, తెలిసిన రెండు సంగతుల్ని కలిపి మూడోదాన్ని కనిపెట్టేలా చేయడం!

మిరప అమెరికా ఖండాల నుంచి వచ్చిన మొక్క. మన దగ్గరికి రాకముందు వంటల్లో ఘాటు అంటే మిరియాలదే. కల్లాల్లో ఎర్రటి తివాచీ పరిచినట్టు ఎండే ఈ కాయలు, యార్డుకు బారులు తీరే టిక్కీలు... ఇవన్నీ ఈ నేలకు తాతలనాటి ఆస్తి అనుకుంటాం. నిజానికి అయిదారు వందల ఏళ్ల కిందట ఇక్కడ మిరపకాయ అన్న మాటే లేదు. ఈ ఒక్క సంగతి చెప్పడానికి పాఠం చెబితే పిల్లలు ఆవలిస్తారు. ప్రశ్నగా అడిగితే జన్మలో మరిచిపోరు.

ఒక ప్రశ్న... రెండు మార్కులు

ఈ ప్రశ్నల పిచ్చి నాకు ఎక్కడ పట్టిందో చెప్పాలి. 2000 జులైలో 'కౌన్‌ బనేగా కరోడ్‌పతి' మొదలైన దగ్గర్నుంచీ ఊళ్లన్నీ ఒకటే హడావుడి. రాత్రి తొమ్మిదైతే టీవీ ఉన్న ఇంటి ముందు వీధి వీధంతా చేరేది. హిందీ సగం అర్థమయ్యేది కాదు. అయినా అమితాబ్‌ అడిగిన ప్రశ్నకు పెదనాన్న ఒక జవాబు, నాన్న ఒక జవాబు! బళ్లలోనూ అదే జోరు. కంప్యూటర్‌ లేకపోయినా, నల్లబల్ల మీద నాలుగు ఆప్షన్లు రాసి ''లాక్‌ చేయమంటారా?'' అని అడిగేవారు.

మాది ఒంగోలు దగ్గర పల్లె. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మండలస్థాయి క్విజ్‌కు మా బడి నుంచి ముగ్గురిని పంపారు. ఆఖరి ప్రశ్న వరకూ సమానంగా ఉన్నాం. ''ఆంధ్ర తొలి ముఖ్యమంత్రి ఎవరు?'' అని అడిగారు. ప్రకాశం జిల్లా పిల్లలం... మాకు వేరే పేరు నోటికి వస్తుందా! ''టంగుటూరి ప్రకాశం పంతులుగారు'' అని ఒక్క గొంతుతో అరిచాం. ''తప్పు. నీలం సంజీవరెడ్డి'' అన్నారు. రెండు మార్కులు పోయాయి. కప్పు పోయింది.

1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి ప్రకాశం పంతులు. 1956 నవంబరు 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు నీలం సంజీవరెడ్డి. ప్రశ్న రాసినవారి చేతిలో ఉన్నది ఆంధ్రప్రదేశ్‌ జవాబు, కాగితం మీద పడింది 'ఆంధ్ర' అన్న మాట. అంతే తేడా. బస్సులో తిరిగి వస్తుంటే మా జట్టులో ఒక అమ్మాయి దారంతా ఏడ్చింది. కప్పు పోయినందుకు కాదు. ''మనకు ఇన్నాళ్లూ తప్పు నేర్పారా?'' అని. సరైన జవాబు చెప్పిన పిల్లకు తన చదువు మీదే అనుమానం వచ్చింది! ప్రశ్న తయారుచేయడం సరదా పనే కావచ్చు కానీ చిన్నపని కాదని ఆరోజే అర్థమైంది.

పృచ్ఛకుడే మన క్విజ్‌ మాస్టర్‌

క్విజ్‌ అన్న మాట ఎలా పుట్టిందో చెప్పే కథొకటి బాగా ప్రచారంలో ఉంది. 1791లో డబ్లిన్‌ నగరంలో డాలీ అనే నాటకశాల యజమాని, అర్థంలేని ఒక మాటను రాత్రికి రాత్రే ఊరంతటికీ పరిచయం చేస్తానని పందెం కాశాడట. మనుషుల్ని పెట్టి గోడలన్నింటి మీదా 'క్విజ్‌' అని రాయించాడట. కథ బాగుంది. చిక్కేమిటంటే, ఆ మాట అంతకుముందే 1780ల్లోనే వాడుకలో ఉంది. క్విజ్‌ పుస్తకాల్లో కనిపించే ఈ క్విజ్‌ కథే నమ్మదగింది కాదన్నమాట!

మన దేశంలో నలుగురూ కూర్చుని పోటీపడే క్విజ్‌కు కోల్‌కతా పుట్టిల్లు. 1967లో అక్కడి ఓ చర్చి హాల్లో నీల్‌ ఒబ్రియాన్‌ తొలి బహిరంగ క్విజ్‌ నిర్వహించారు. 1972లో బోర్న్‌వీటా క్విజ్‌ మొదలై రేడియో ద్వారా ఇళ్లకు చేరింది. 1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు 'క్విజ్‌ టైమ్‌'తో అది చూడదగ్గ వేడుకైంది. తెలుగులో 'మీలో ఎవరు కోటీశ్వరుడు' 2014లో వచ్చింది.

కానీ అడగడాన్ని ఓ కళగా మలచుకోవడం తెలుగువాళ్లకు కొత్తకాదు. అవధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు చేసేది ఏమిటి? ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు మాటలు ఇచ్చి పద్యంలో ఇమడ్చమంటారు, ఒకరు అక్షరాలకు అడ్డుపడతారు. అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన సందు దొరికితే చాలు, కొంటె ప్రశ్న వేసి ఏకాగ్రత చెడగొడతారు. నరసరావుపేట దగ్గరి కొప్పరం గ్రామానికి చెందిన కొప్పరపు సోదర కవులు వెంకట సుబ్బరాయ కవి, వెంకట రమణ కవి గత శతాబ్దం తొలినాళ్లలో అవధానాలతో, ఆశుకవితతో సభల్ని ఊపేశారు. అలాంటి సభలు రక్తికట్టాలంటే అవధానికి పాండిత్యం ఉంటే సరిపోదు. పృచ్ఛకుడికి సమయస్ఫూర్తి ఉండాలి. అవధానిని పడగొట్టాలని చూసే పృచ్ఛకుడిని సభ మెచ్చదు. కష్టమైనదే అడిగి, అవధాని మెరిసే వీలు కల్పించినవాడినే మెచ్చుకుంటుంది. క్విజ్‌ మాస్టర్‌కూ ఇదే సూత్రం.

ముడిసరుకు మన చుట్టూనే

మా గ్రంథాలయం వాళ్లు నవంబరు 14 నుంచి 20 వరకూ జరిగే వారోత్సవాలకు నలభై ప్రశ్నలు తయారుచేసి ఇమ్మన్నప్పుడు, బజారులో దొరికే జనరల్‌ నాలెడ్జ్‌ పుస్తకం ముట్టుకోకూడదని నిర్ణయించుకున్నాను. ప్రపంచంలో పొడవైన నది, దేశంలో ఎత్తైన శిఖరం... ఇవి పిల్లలకు బట్టీ వచ్చేసినవే. మన ఊళ్ల పక్కనే ఇంత చరిత్ర, కళ, సంగీతం ఉండగా అంత దూరం ఎందుకు?

పత్తితోనే మొదలుపెట్టాను. బుర్రకథ పితామహుడిగా పేరొందిన షేక్‌ నాజర్‌ది గుంటూరు దగ్గరి పొన్నెకల్లు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. పింజారి అంటే దూదేకేవాడు. ''నాజర్‌ ఆత్మకథ పేరేమిటి?'' అని అడిగితే తెలిసినవాడు చెబుతాడు, తెలియనివాడు నోరెళ్లబెడతాడు. అదే, ''దూదేకే వృత్తి పేరునే తన ఆత్మకథకు పెట్టుకున్న ఈయన, తంబురా పట్టి కథ మొదలుపెడితే పల్లెలు నిద్రపోయేవి కావు. ఎవరు?'' అని అడిగితే ఆలోచనకు దారి దొరుకుతుంది. పత్తి తీతకు వెళ్లే తల్లుల పిల్లలు, పత్తికీ ఒక కళాకారుడికీ ఇంత బంధం ఉందని తెలుసుకుని ఇంటికెళతారు.

సంగీతమూ అంతే. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్‌ చినమౌలానా నాదస్వరంలో తంజావూరు బాణీ నేర్చి, శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. ఆయన శిష్యులైన షేక్‌ మహబూబ్‌ సుబానీ, కాలీషాబీ దంపతులను 2020లో అదే పురస్కారం వరించింది. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. కంభం వైపున్న కాకర్ల నుంచే ఆయన పూర్వికులు తమిళదేశం వెళ్లారంటారు. తిరువయ్యూరు గురించి అడిగేవాళ్లంతా ఒక్కసారి కాకర్ల గురించి ఎందుకు అడగరు?

చరిత్రకైతే కొదవే లేదు. అద్దంకిలో 848 నాటి పండరంగడి శాసనంలో తెలుగు పద్యం ఉంది. భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్‌ రీ తవ్వకాల్లో ధాతువుల పేటికలు, వాటి మీద ప్రాచీన బ్రాహ్మీ రాతలు బయటపడ్డాయి. 1921లో పురపాలక పన్నులు కట్టబోమంటూ చీరాల, పేరాల జనం ఇళ్లు ఖాళీచేసి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో రామ్‌నగర్‌ అనే పాకల ఊరు కట్టుకుని దాదాపు 11 నెలలు ఉన్నారు. ఇంతకుమించిన ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది!

సరిచూసుకోకపోతే సంగతులంతే

విషయం దొరికాక అసలు పని మొదలవుతుంది. అది నిజమేనా? ఒక పుస్తకంలో ఉందని రాసేస్తే ప్రమాదం. ఎందుకంటే ఆ పుస్తకం ఇంకో పుస్తకం చూసి రాసి ఉండొచ్చు.

అమెరికాలో ఫ్రెడ్‌ వర్త్‌ అనే ఆయన ఇలాంటి ముచ్చట్లతో ఓ విజ్ఞాన సర్వస్వం వేశాడు. తన పుస్తకాన్ని ఎవరైనా కాపీ కొడితే పట్టుకోవడానికి అందులో ఒక దొంగ సంగతి పెట్టాడు. టీవీ డిటెక్టివ్‌ కొలంబో మొదటి పేరు 'ఫిలిప్‌' అని! కొన్నాళ్లకు ప్రపంచమంతా ఎగబడి కొన్న 'ట్రివియల్‌ పర్స్యూట్‌' ఆటలో సరిగ్గా అదే జవాబు కనిపించింది. 1984లో ఆయన ఆ ఆట తయారుచేసినవారి మీద 30 కోట్ల డాలర్లకు దావా వేశాడు. వాళ్లు కాదనలేదు. చాలా పుస్తకాలు చూశాం, ఇదీ ఒకటన్నారు. వాస్తవాలు ఎవరి సొత్తూ కాదంటూ కోర్టు కేసు కొట్టేసింది. ఆయనకు డబ్బు రాలేదు కానీ, ప్రశ్నలు రాసేవాళ్లందరికీ పాఠం మిగిలింది... కనీసం రెండుచోట్ల చూసుకో, ఆ రెండూ ఒకదాన్నొకటి చూసి రాసుకున్నవి కాకుండా చూసుకో!

ఈ విషయంలో మన ప్రాంతం వాళ్లు అదృష్టవంతులు. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం ఉంది. 1929లో గాంధీజీ వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను ఇప్పటికీ అక్కడ భద్రంగా దాచారు. దశాబ్దాల నాటి పత్రికల సంపుటాలు తిరగేస్తుంటే ఒక్కో పేజీలో పది ప్రశ్నలు కనిపిస్తాయి. ఎన్నో ఏళ్ల పరిశోధనలకు ఆధారమైన ఆ బీరువాలు, క్విజ్‌ కోసం వెళ్లినవాళ్లనూ నిరాశపరచవు.

'మొదటి', 'పెద్ద', 'ఏకైక'... ఈ మాటలతో మరీ జాగ్రత్త. 'ఆసియాలోనే పెద్దది' అనిపించుకునే యార్డులు, చెరువులు మన దగ్గర చాలానే ఉన్నాయి. వైశాల్యంలోనా, వ్యాపారంలోనా, ఎప్పటి లెక్క? ఈ మూడింటికీ జవాబు లేకపోతే ఆ ప్రశ్న జోలికి పోకపోవడమే మేలు.

మీరూ తయారుచేయండి!

ఇంట్లో పుట్టినరోజుకో, అపార్ట్‌మెంట్‌లో సంక్రాంతికో క్విజ్‌ పెట్టాలనుకుంటే ఈ ముక్కలు గుర్తుంచుకోండి.

* ముందు జవాబు ఎంచుకోండి, తర్వాతే ప్రశ్న రాయండి. రాశాక, దీనికి ఇంకో జవాబు కుదురుతుందేమో మీరే ఎదుటిపక్షం వకీలులా వాదించి చూడండి. కుదిరితే మాట మార్చండి. 'ఆంధ్ర' అన్నచోట 'ఆంధ్రప్రదేశ్‌' అని రాస్తే నా కప్పు పోయేది కాదు.

* పది ప్రశ్నల్లో మూడు అందరికీ తెలిసినవి, నాలుగు ఆలోచిస్తే వచ్చేవి, మూడు గట్టివి ఉంటే ఆట రక్తికడుతుంది. మొదటి ప్రశ్నే కష్టమైతే చిన్నపిల్లలు ముడుచుకుపోతారు.

* ఆప్షన్లు ఇస్తే నాలుగూ నమ్మేలా ఉండాలి. ముగ్గురు కవుల మధ్య ఒక క్రికెటర్‌ పేరు పెడితే అది ప్రశ్న కాదు, పరాచికం.

* కాగితం మీద రాసింది చెవికి వేరేలా వినిపిస్తుంది. ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించండి. ఒక్కసారికి అర్థంకాకపోతే వాక్యాన్ని రెండు చేయండి.

* మారిపోయే సంగతులు... పదవులు, రికార్డులు, జిల్లాలు... అడిగేముందు ఆ ఉదయం ఇంకోసారి చూసుకోండి.

* సమానం వస్తే తేల్చడానికి ఒక అంకెల ప్రశ్న దాచుకోండి. ఎవరి అంచనా దగ్గరగా ఉంటే వాళ్లు గెలిచినట్టు.

* కాగితం మాత్రం ఎవరికీ చూపించకండి. 1950ల్లో అమెరికాలో 'ట్వంటీ వన్‌' అనే టీవీ క్విజ్‌లో నిర్వాహకులే కొందరికి ముందుగా జవాబులు అందించారు. దేశమంతా అభిమానించిన విజేత చార్లెస్‌ వాన్‌ డోరెన్‌ 1959లో చట్టసభ సభ్యుల ముందు ఆ నిజం ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది అలాంటి మోసాన్ని నేరంగా మారుస్తూ చట్టమే వచ్చింది.

సైన్సు మీద ఆసక్తి ఉన్న పిల్లలైతే జన విజ్ఞాన వేదిక చెకుముకి పోటీల గురించి బళ్లో వాకబు చేయొచ్చు. బడి నుంచి మండలం, జిల్లా, రాష్ట్రం వరకూ మెట్లు మెట్లుగా సాగే పరీక్ష అది.

ఆఖరి ప్రశ్న

మళ్లీ మా గ్రంథాలయానికి వద్దాం. ఇన్ని జాగ్రత్తలు చెప్పినదాన్ని, నలభై ప్రశ్నలూ రెండేసి చోట్ల సరిచూసుకున్నదాన్ని... ముప్ఫై ఎనిమిదో ప్రశ్న దగ్గర దొరికిపోయాను.

''1797లో కోలిన్‌ మెకంజీ చూసి లోకానికి చెప్పిన స్తూపం, దాని శిల్పాలు కొన్ని చెన్నైలో, కొన్ని లండన్‌లో ఉన్నాయి. ఆ స్తూపం ఏ ఊళ్లో ఉంది, అది ఏ జిల్లా?'' ఇదీ ప్రశ్న. ''అమరావతి... పల్నాడు జిల్లా'' అంది తొమ్మిదో తరగతి అమ్మాయి. నా చేతిలోని కాగితం మీద 'గుంటూరు జిల్లా' అని ఉంది. ''ఊరు సరే, జిల్లా తప్పు'' అనేశాను. పక్క జట్టువాళ్లు సంబరంగా ''గుంటూరు'' అని అరిచారు.

ఆ అమ్మాయి కూర్చోలేదు. గొంతు వణుకుతోంది. ''అమ్మమ్మవాళ్లది అమరావతే మేడమ్‌. ఆధార్‌ కార్డులో కూడా పల్నాడు అనే మార్చారు'' అంది.

ఒక్కక్షణం గుండె ఆగినంత పనైంది. 2022 ఏప్రిల్‌ 4న జిల్లాలను విడదీసినప్పుడు గుంటూరు నుంచి బాపట్ల, పల్నాడు వేరుపడ్డాయి. అమరావతి మండలం పల్నాడులోకి వెళ్లింది. రాజధాని ఊళ్లు గుంటూరు జిల్లాలో ఉండటంతో పేరు చూసి పొరబడటం తేలిక. నేను చూసిన రెండు పుస్తకాలూ మంచివే. రెండూ పాతవి!

మైకులో చెప్పాను... ''తప్పు నాది. అమ్మాయి చెప్పిందే సరైన జవాబు.'' రెండు మార్కులూ వేయించాను. చివరికి ఆ జట్టు రెండో స్థానంలోనే నిలిచింది. అయినా వెళ్లేటప్పుడు ఆ అమ్మాయి దగ్గరికొచ్చి, ''వచ్చే ఏడాది ప్రశ్నలు నేను కూడా రాయొచ్చా మేడమ్‌?'' అని అడిగింది.

ఎనిమిదో తరగతిలో బస్సులో ఏడ్చిన నా స్నేహితురాలు గుర్తొచ్చింది. ''తప్పకుండా'' అన్నాను. ఈసారి నా ప్రశ్నలు సరిచూసే పని ఆ అమ్మాయిదే.

చెప్పుకోండి చూద్దాం!

1. కాళిదాసు మేఘంతో సందేశం పంపితే, వినుకొండకు చెందిన ఈ కవి చీకట్లో ఎగిరే ప్రాణితో పంపాడు. ఎవరా కవి?
2. బ్రెజిల్‌లో 'నెలోర్‌' పేరుతో పెంచే తెల్లటి పశువులకు మూలం మన దగ్గరి ఏ జాతి?
3. 1913లో తొలి ఆంధ్ర మహాసభ జరిగిన ఊరేది?
4. 1947 జులైలో మొదలైన 'చందమామ' స్థాపకులు ఇద్దరిలో తెనాలి ఆయన ఎవరు?
5. పురుషుడై ఉండి స్త్రీ పాత్రలతో మెప్పించి, 1956లో పద్మశ్రీ అందుకున్న బాపట్ల నటుడు?
6. లండన్‌లోని అమరావతి శిల్పాలను ఒకప్పుడు ఏ అధికారి పేరుతో పిలిచేవారు?
7. గుంటూరులో 'శారదా నికేతన్‌' స్థాపించిన నవలా రచయిత ఎవరు? ఆయన నవల ఏది?

జవాబులు: 1. గుర్రం జాషువా 2. ఒంగోలు జాతి 3. బాపట్ల 4. చక్రపాణి 5. స్థానం నరసింహారావు 6. వాల్టర్‌ ఇలియట్‌ (ఇలియట్‌ మార్బుల్స్‌) 7. ఉన్నవ లక్ష్మీనారాయణ, 'మాలపల్లి'